కుళాయి చుట్టూ దారి

హజరత్తయ్య వసారా మెట్ల నుంచి పెరట్లో కుళాయి దాకా ముగ్గుపిండితో తిన్నగా గీత గీశాడు. నాపరాళ్లు ఆ గీత వెంటే పరవాలి. భార్య సుగుణమ్మ దాన్ని కాలితో చెరిపేసి, పక్కింటి కంచె దగ్గర మొదలుపెట్టి, కుళాయి చుట్టూ తిప్పి కొత్తగా గీసింది.

“అటు నుంచి నడిచేదెవరే?”

“పక్కింటి పోలేరమ్మ. రొయ్యల గుంటలొచ్చినాక వాళ్ల బోరు నీళ్లు ఉప్పగా అయిపోయినాయి గదా.”

“మీ ఇద్దరికీ ఉగాది నుంచి మాటల్లేవే!”

“లేకపోతే ఏంది? రేపు ఆమె బురదలో జారి పడితే పలకరించేదానికి నేనే పోవాల!”

అంతలో పోలేరమ్మే బిందెతో వచ్చింది. గీతను చూసి, “అన్నా, ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు పెట్టమని ఆమెతో చెప్పు” అంది.

“ఆ రెండో మనిషి ఎవరో అడగండి ఆమెను” అంది సుగుణమ్మ.

ఇద్దరూ చెరోవైపు మొహం తిప్పుకున్నారు. ఇద్దరి పెదాలూ నవ్వు ఆపుకోలేక వణుకుతున్నాయి. హజరత్తయ్య అది చూశాడు.

“పొద్దుట్నించి నాకు చెవులు వినపడ్డంలేదు. మీరే చెప్పుకోండి” అని లోపలికి పోయాడు.

పోలేరమ్మ బిందె కింద పెట్టి కుళాయి తిప్పింది.

“ఏం పోలేరమ్మక్కా, ఇంత చిక్కిపోయినావే!”

ఆ తర్వాత బిందె నిండి పొర్లిపోతున్నా, కుళాయి కట్టేద్దామని ఎవరికీ తోచలేదు.