తొలి పంటు

“ఐసు మీద ఉప్పు చల్లవే. పేరుపాలెం చేరేసరికి చేపలు పాడైపోతాయి.”

లోవమ్మ గుమ్మంలో కూర్చుని చెప్పింది. కోడలు సారిక విననట్టే ఐసుపెట్టె మూత బిగించింది. లోపల నాలుగు పండుగప్పలు. ఎంత కోపమున్నా పుట్టింటికి వెళ్ళే పిల్లని వట్టి చేతులతో పంపడం లోవమ్మకి చేతకాదు.

“నలభై ఏళ్ళు చేపలమ్మాను. ఉప్పు పడితేనే ఐసుకి చలువ. నాలుగేళ్ళ నుంచీ చెప్తున్నాను, ఒక్కరోజన్నా నా మాట విన్నావా?”

“దగ్గరే కదత్తా. ఏం పాడవ్వవు.”

బయట ఆటోలోంచి సారిక అన్న సురేష్‌బాబు కేకేశాడు. “ఆయ్, రేవులో పంటు టైమైపోతుందండి అత్తయ్యగారూ!”

“పంటు దానికెప్పుడు అందింది గనక!” అంది లోవమ్మ.

సారిక చీరలు సంచిలో సర్దుకుంటోంది. ఈసారి వెళ్తే ఇంక తిరిగి రాదు. వచ్చే నెలలో ఆమెకి మళ్ళీ పెళ్ళి. సంబంధం అన్న తెచ్చిందే అయినా, “వెళ్ళి బతుకు” అని ముందుగా అన్నది లోవమ్మే. కానీ ఒక్క మాట తేలకుండా పంపడానికి ఆవిడకి మనసొప్పడం లేదు.

రెండో విడత కరోనా నాటి మాట అది.

అప్పటికే లోవమ్మకి కీళ్ళవాతం. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి, గోదావరి దాటి, నర్సాపురంలో నెలనెలా మందు ఎక్కించుకునేది. డాక్టరు జగన్నాథరావుగారు ఆవిడకి తెలిసిన మాటల్లోనే చెప్పారు.

“సముద్రంలో పడవ మునిగితే కేకలేస్తారు కదమ్మా. ఆ కేకకి మిగతా పడవలన్నీ వస్తాయి. రోగం వచ్చినప్పుడు ఒళ్ళు కూడా అలాగే కేకలేస్తుంది. వాటినే సైటోకైన్లు అంటాం. కేక మంచిదే. కానీ మీ ఒంట్లో ఎవరూ మునగకపోయినా కేకలు ఆగట్లేదు. వచ్చిన పడవలు మీ కీళ్ళనే గుద్దేస్తున్నాయి. ఈ మందు ఆ నోరు మూయిస్తుంది.”

“నోరు మూయించే మందుందని మా కోడలికి చెప్పకండి బాబూ, రోజూ నా అన్నంలో కలిపేస్తుంది!” అంది లోవమ్మ. పక్కనే ఉన్న కొడుకు దుర్గాసాయి పడీ పడీ నవ్వాడు.

ఆ మే నెలలో కర్ఫ్యూ. మళ్ళీ దొరుకుతుందో లేదోనని దుర్గాసాయి తల్లి మందు ముందే కొని తెచ్చాడు. పక్కింటి చిట్టెమ్మ ఫ్రిజ్‌లో పెట్టించాడు. వారం తిరక్కుండా వాడికే జ్వరం పట్టుకుంది. నర్సాపురంలో చేర్చారు. తొమ్మిదో రోజు జగన్నాథరావుగారు ఫోన్ చేశారు. అప్పుడు డాక్టర్లందరూ కరోనా వార్డుల్లోనే ఉన్నారు.

“వైరస్ తగ్గుతోందమ్మా. కేకలే ఆగట్లేదు. ఊపిరితిత్తులు పాడైపోతున్నాయి. మీరు వేసుకునే మందే కావాలి. ఎక్కడా దొరకట్లేదు. మీ దగ్గరుంటే రేప్పొద్దున్నే పంపండి. పనిచెయ్యొచ్చు. చల్లగా తీసుకురమ్మనండి.”

అంతే చెప్పి పెట్టేశారు. వెనకాల ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు.

తనకి మందు ఉండదే అని లోవమ్మ అనుకోలేదు. తెల్లవారుతుండగా, వాచిన చేతులతోనే చేపలపెట్టె కడిగింది. ఐసు దంచింది. మందుసీసాని నడుమ పాతిపెట్టి, పైన ఐసు సర్ది, దోసిలి నిండా రాళ్ళుప్పు చల్లింది. పులసని కూడా ఏనాడూ అంత జాగ్రత్తగా సర్దలేదు. తను నడవలేదు కాబట్టి పెట్టె కోడలి చేతికిచ్చింది.

“తొలి పంటు తప్పిపోనివ్వకే తల్లీ,” అంది.

సాయంత్రం సారిక వట్టి పెట్టెతో వచ్చింది. అత్త కాళ్ళ దగ్గర కూలబడింది.

“పంటు తప్పిపోయిందత్తా. నేను వెళ్ళేసరికి... ఆలస్యమైపోయింది.”

దుర్గాసాయి దక్కలేదు. ఆ తర్వాత చాలా నెలలు ఆ మందు దొరకలేదు. లోవమ్మ వేళ్ళు వంకరపోయాయి. అన్నం కూడా సారికే కలిపి పెట్టేది. ముద్దముద్దకీ లోవమ్మ అడిగేది. ఆరింటి పంటు ఎలా తప్పిందే? ఇక్కణ్ణుంచి రేవెంత దూరమే? సారిక ఇంకో ముద్ద అందించేది.

ఇప్పుడు సారిక సంచి కింద పెట్టి, వంగి అత్త కాళ్ళకి దణ్ణం పెట్టింది. లోవమ్మ ఆమె గడ్డం పట్టుకోబోయింది. వేళ్ళకి పట్టు చిక్కలేదు.

“ఇంక అడగనే. ఇదే ఆఖరు. నా మందు వాడి కోసం నా చేతులతో సర్దిచ్చాను. నాకు మిగిలిన తృప్తి అదొక్కటే. నువ్వెందుకు ఆలస్యం చేశావో చెప్పు. కడుపులో పెట్టుకుని పంపించేస్తాను.”

సురేష్‌బాబు గుమ్మం దాకా వచ్చాడు. “చెప్పెయ్యి చెల్లాయ్. ఎన్నాళ్ళు మోస్తావ్?”

సారిక అన్న వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తర్వాత అత్త వంకర వేళ్ళని చూసింది.

“నిద్ర పట్టేసిందత్తా. తప్పు నాదే.”

“మొగుడు చావుబతుకుల్లో ఉంటే నిద్రా!”

లోవమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. ముఖం గోడవైపు తిప్పుకుంది. “పో. ఈ పంటైనా అందుకో.”

సారిక పక్కింటి వైపు కేకేసింది. “చిట్టెమ్మ పిన్నీ, అత్తకి అన్నం మెత్తగా కలిపి పెట్టు. ముద్ద పెద్దదైతే మింగలేదు.” ఐసుపెట్టె తీసుకుని ఆటో ఎక్కింది. లోవమ్మ తిరిగి చూడలేదు.

మందు తీసుకెళ్ళిన ఆ రోజు సారిక తొలి పంటుకే గోదావరి దాటి, ఏడు కాకముందే ఆసుపత్రిలో పెట్టె మూత తీసింది. అత్త చల్లిన రాళ్ళుప్పు చలికి మందు రాయిలా గడ్డకట్టి, సీసా నిలువునా పగిలి ఉంది.