మూరెడు దూరం

జపాన్‌లో ఒక గుర్రపుశాలలో హయాతె అనే నల్లగుర్రం ఉండేది. పన్నెండు పందేల్లో పరిగెత్తి పన్నెండూ గెలిచింది. వాటిలో ఐదింటిలో దాని వెనకే రెండోదిగా వచ్చింది అదే శాలలోని ఎర్రగుర్రం సుజు.

ఒకరోజు వాన వెలిశాక శాల ముందు ఒక కాకీ ఒక మేకా వాదులాడుకుంటున్నాయి.

"హయాతె లాంటి గుర్రం లోకంలోనే లేదు," అంది మేక.

"ఊరుకోవే! దాంతో పరిగెత్తినవన్నీ చచ్చు గుర్రాలు. ఎవరైనా గెలుస్తారు," అంది కాకి.

ఆ మాట సుజుకు ముల్లులా గుచ్చుకుంది. తిన్నగా హయాతె దగ్గరికి వెళ్లింది. "అన్నా, ఈ బురదలోనే, ఆ కొండ మలుపు దాకా పరిగెడదామా?"

"పద," అంది హయాతె.

బురదలో సుజుకు పట్టు ఎక్కువ. దారంతా రెండూ పక్కపక్కనే పరిగెత్తాయి. ఆఖర్న హయాతె మూరెడు ముందుగా మలుపు చేరింది.

ఎగురుకుంటూ వచ్చిన కాకి, "మూరెడేనా! ఇదా గొప్ప?" అంది.

సుజు రొప్పుతూనే తలెత్తింది. "పుట్టాక నేనింత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. అయినా నాకు అందలేదు. అదీ హయాతె సత్తా. ఇంకోసారి నన్ను చచ్చు గుర్రం అన్నావంటే ఊరుకోను."

హయాతె కూడా రొప్పుతోంది. "నువ్వు పక్కన లేకపోతే నేనూ ఇంత పరిగెత్తేవాణ్ణి కాదు," అంది.

సుజు ఒంటిమీది బురద దులుపుకుంది.

"ఊపిరి తీసుకో అన్నా. వెనక్కి కూడా పందెమే!"