ఒక్క చిప్ప చాలు

“ఒక్కటేనా? కాయ కోస్తే రెండు చిప్పలొస్తాయమ్మా. రెండోదాన్ని నేనేం చేసుకోను?” అంది గిన్నెలు చేసే ఆవిడ.

“నాకు ఒక్కటి చాలు,” అంది టీచరమ్మ.

పెరట్లో కమండలం చెట్టుకు మొదలు నుంచి కొమ్మల దాకా తలకాయలంత కాయలు వేలాడుతున్నాయి. ఎండితే పెంకు చెక్కలా గట్టిపడుతుంది, చేతికి మాత్రం బరువే తెలియదు. పెద్దవి నీళ్లు పోసుకోవడానికి, మధ్యరకం గిన్నెలకు, చిన్నవి పసిపిల్లల గిలక్కాయలకు.

“ఊరందరి చేతికీ చిప్పిచ్చేది నేనే,” అని ఆవిడ తన హాస్యానికి తనే మురిసిపోయింది. టీచరమ్మ నవ్వలేదు.

“ఇంతకీ దేనికమ్మా?”

“రేపు బడికి వెళ్లాలి.”

“పాఠంలో చూపించడానికా? మొన్నొక మాస్టారు కూడా అర్ధగోళమని పట్టుకెళ్లాడు.”

టీచరమ్మ తల అడ్డంగా ఊపింది.

“నేనే గుడ్డతో ఒకటి కుట్టుకున్నాను. బోర్డు మీద రాస్తుంటే జారి కిందపడింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆపైన తరగతంతా నవ్వింది.”

“పిల్లలన్నాక నవ్వరూ?”

“మళ్లీ నవ్వితే ఇక ఆ గుమ్మం తొక్కలేను.”

“చోద్యం కాకపోతే, ఇంతమాత్రానికే ఉద్యోగం వదులుకుంటారా?” అంది ఆవిడ. ఉత్త చాదస్తపు మనిషిలా ఉందే అనుకుంది. “అదిగో, పై అరలో ఉన్నాయి. నచ్చింది దించుకోండి.”

“మీరే దించండి. నా ఎడమ చెయ్యి పైకి లేవదు.”

మొదటిది పెద్దదైంది. రెండోది మరీ లోతు. మూడోదాన్ని టీచరమ్మ అరచేతిలో బోర్లించుకుని, కళ్లు మూసుకుంది. తర్వాత అంచును చెంపకు రాసి చూసింది.

“ఇంకాస్త అరగదీయండి. గుచ్చుకోకూడదు.”

“మూతికి పెట్టుకుని తాగే గిన్నెమ్మా. గుచ్చుకుంటే ఎవరు కొంటారు?”

“చెమటకు పాడవుతుందా?”

“నీళ్లకే చెక్కుచెదరదు, దానికి చెమటొక లెక్కా?”

ఆవిడ అంచు నున్నగా తీసి, గుడ్డతో తుడిచి ఇచ్చింది. “సరిపోయిందో లేదో ఇక్కడే చూసుకోండి. మళ్లీ తిరగలేరు.”

టీచరమ్మ లేచి తలుపు దగ్గరికి వేసింది. గోడవైపు తిరిగింది.

రవికె విప్పి, రొమ్ము కోసేసిన చోట గిన్నె బోర్లించుకుంది.