మెట్‌పల్లికి ఒక్క కాపీ

సోమవారం పదకొండింటికి ఫోన్ మోగింది.

ఆఫీసులో అందరూ తలలెత్తి స్తుతి వైపు చూశారు.

"నీ మెట్‌పల్లి తాతనే. ఎత్తు," అంది సబ్ ఎడిటర్ తిరుమల, నవ్వు ఆపుకుంటూ.

స్తుతిది ఆదిలాబాద్ జిల్లా బోథ్. డిగ్రీ పరీక్షలు రాసి, వేసవి రెండు నెలలు పని నేర్చుకుందామని హైదరాబాద్‌లోని ఈ వారపత్రికకు వచ్చింది. పాఠకుల ఫోన్లు ఎత్తాలి. ఆఖరి పేజీకి చిన్న చిన్న ముచ్చట్లు రాయాలి. వాటి కింద పేరు వేయరు.

పేరుతో ఒక్కటైనా అచ్చయితేనే జర్నలిజం చదివిస్తానన్నాడు ఆమె బాపు అహరోను. లేకుంటే నోరు మూసుకుని బీఎడ్‌లో చేరాలి.

"చెప్పుండ్రి తాతా."

"బిడ్డా, నేను బాలమల్లును. గా కుండలామె ముచ్చట నువ్వే రాసినవా?"

"నేనే. మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. గని మూడో లైనుల షురువైన వాక్యం తొమ్మిదో లైను దాక ఆగనే ఆగలే. దమ్ము సరిపోతలేదు."

స్తుతి పళ్ళు బిగబట్టింది.

"ఇంకోటి బిడ్డా. గామె గాడిద తప్పిపోయిందని రాసినవు. దొరికిందా లేదా రాయలే. మావోళ్ళు ఒప్పుకుంటలేరు. వారమంత నన్ను తిన్నరు."

"దొరికింది తాతా. దొరికింది."

"హమ్మయ్య. చెప్త మరి."

ఫోన్ పెట్టి తాత అన్నది చెప్తే తిరుమల పొట్ట పట్టుకుని నవ్వింది.

"కండ్లతోని చదివేటోనికి దమ్మెందుకే?"

"నన్నడుగుతవేందక్కా."

తిరుమల చందాదారుల పట్టీ తీసి చూపించింది. "ఇగో, మెట్‌పల్లికి పోయేది ఒక్కటంటే ఒక్క కాపీ. గా ఒక్కనికోసం ఇంత పరేషానా?"

ఆ తాత మాత్రం ఒక్క సోమవారం కూడా తప్పలేదు. ఒక వారం పొడుగు వాక్యం. ఒక వారం అర్థం కాని మాట. "దీనికి మన మాట లేదా బిడ్డా? మావోళ్ళు అడిగితె నేనేం చెప్పాలె?" అనేవాడు.

ఐదో వారానికి స్తుతికి కంటి మీద కునుకు లేదు. బోథ్ ప్రార్థనా మందిరంలో నలభై ఏళ్ళుగా గంట కొడుతున్న మగ్దలేనమ్మ గురించి ఆమె రాసింది. ఎడిటర్ రెండుసార్లు తిప్పి పంపాడు.

"మాటలు బరువుగా ఉన్నాయమ్మా. మనిషి కనిపించడం లేదు. సాయంత్రానికి ఆఖరిసారి చూస్తాను," అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"బిడ్డా, పోయిన వారం ఆఖరి పేజీల..."

"తాతా! ఒక్క కాపీ తెప్పించుకుంటరు, వంద వంకలు పెడ్తరు. నాకు పనున్నది. జర నన్ను పని చేసుకోనియ్యుండ్రి!"



"సరే బిడ్డా. చేసుకో," అన్నాడు.

స్తుతి కాగితాలు ముందేసుకుంది. ఒక్క అక్షరం కదల్లేదు. దమ్ము సరిపోతలేదన్న ఆ ముసలాయన మాటే చెవిలో తిరుగుతోంది.

కాగితాలు తీసుకుని మెట్ల మీదికి పోయింది. గొంతెత్తి చదివింది.

నాలుగో లైనులోనే దమ్ము అయిపోయింది.

ఎక్కడ ఊపిరి ఆగిందో అక్కడ చుక్క పెట్టింది. ఏ మాట నోరు తిరగలేదో దాన్ని కొట్టేసి, ఇంట్లో అవ్వ వాడే మాట రాసింది. చదువుతుంటే మగ్దలేనమ్మ చేతిలో గంట తాడు కనిపించింది, అరచేతిలో కాయలు కూడా.

సాయంత్రం ఎడిటర్ ఒక్క గీత కూడా గీయలేదు.

"ఎవరు దిద్దారమ్మా?"

"మెట్‌పల్లి తాత," అంది స్తుతి నవ్వుతూ.

పై వారమే నిండు పేజీ వచ్చింది. కింద పేరు.

ఆ రోజే బాపు ఫోన్ చేశాడు. "మందిరంల అందరికి చూపిచ్చిన బిడ్డా. మగ్దలేనమ్మ ఏడ్సింది. పాస్టరయ్య ప్రార్థనల నీ పేరెత్తిండు. ఇగ నేనేమంట? చదువుకో పో."

సోమవారం పదకొండింటికి స్తుతి ఫోన్ పక్కనే కూర్చుంది. మోగలేదు.

ఆ పై సోమవారమూ మోగలేదు. ఆ పైదీ అంతే.

రెండు నెలలు ముగిశాయి. బోథ్ పోతూ పోతూ ఆర్మూర్‌లో దిగి, బస్సు మారి, చందాదారుల పట్టీలోంచి రాసుకున్న అడ్రసు పట్టుకుని మెట్‌పల్లి చేరింది. సంచిలో తన పేరున్న పత్రిక ఉంది.

ఒక ముసలామె తలుపు తీసింది.

"బాలమల్లు తాత ఉన్నడా అవ్వా?"

"పోయి పది దినాలాయె బిడ్డా. నిద్రలనే పోయిండు. నేను ఆయన పెండ్లాన్ని, శంకరవ్వను. నువ్వెవరు?"

స్తుతి చెప్పింది. శంకరవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనా! గా గంట మగ్దలేనమ్మను చదివి ఎంత సంబురపడ్డడనుకున్నవు! 'ఒక్క కాడ దమ్ము ఆగలే శంకరీ' అన్నడు. ఫోన్ చేసి చెప్పరాదు అన్న. 'పిల్లకు పనుంటది, పరేషాన్ చెయ్యద్దు' అన్నడు."

స్తుతికి కళ్ళు నిండాయి.

"ఆయన పుణ్యాననే నా పేరు అచ్చయింది అవ్వా. వందనాలు చెప్పుకుందామని వచ్చిన."

"వచ్చినవు గదా. గట్లయితె ఒక పని చెయ్యి. రెండు వారాల పత్రిక గట్లనే పడున్నది. దా."

శంకరవ్వ వెనక తలుపు తీసింది.

పందిరి కింద ముప్పై మంది ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్ళలో అక్షరం రాని ఒకామె చెయ్యి ఆపి, బాలమల్లు ఇన్నేళ్ళూ కూర్చుని ఆ ఒక్క కాపీని అందరికీ గొంతెత్తి చదివిన స్టూలును స్తుతి వైపు జరిపింది.