చిన్నపోలయ్య తుండు

అదృష్టాన్ని నమ్ముకుని ఆడింది చాలనుకున్నాడు రమణయ్య. ఈసారి దొంగాటే.

మద్రాసు నుంచి బెంగళూరు దాకా ఎక్కడ పేకాట పోటీ జరిగినా అక్కడ తేలే మనిషి అతను. వృత్తే అది. చెయ్యి తిరిగినవాడే గానీ ఏడాదిగా ముక్క పడటం లేదు. ఇప్పుడు కృష్ణపట్నంలో ఒక ఉప్పు వ్యాపారి తన బంగళాలో పోకర్ పోటీ పెట్టాడు. గెలిచినవాడికి కొత్త స్కూటర్. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుక్కూర్చుంటే తప్ప స్కూటర్ దొరకని రోజులవి.

ప్రవేశ రుసుం కోసం రమణయ్య చేయకూడని పని చేశాడు. మెరుగు పెట్టించుకొస్తానని భార్య ఆదిశేషమ్మను నమ్మించి, ఆమె మెడలోని బంగారు నాను పట్టుకెళ్ళి అమ్మేశాడు. ఓడితే ఇంటి గడప తొక్కే మొహం ఉండదు. గెలిస్తే మాత్రం స్కూటర్ అమ్మి, నాను ఏం ఖర్మ, వడ్డాణమే చేయించొచ్చు.

ఎదుటివాడి ముక్కలు చూసి సైగ చేసే మనిషి కావాలి. అతను జువ్వలదిన్నె ఒడ్డున దొరికాడు. పేరు చిన్నపోలయ్య. దోనెలో అడుగు కనపడకుండా వంజరం చేపలున్నాయి. వాటి మీద వల కప్పేసి, ఎంత పడిందని అడిగినవాళ్ళకల్లా దిగాలుగా ఒకటే జవాబు చెబుతున్నాడు.

"ఏం పడలేదన్నా. ఉత్త నీళ్ళే."

కనురెప్ప కూడా కదల్లేదు. ఇంత నిబ్బరంగా అబద్ధమాడేవాడు మద్రాసు క్లబ్బుల్లో కూడా లేడే అని రమణయ్య మురిసిపోయాడు. కొత్త వల కొనిపెడతానని అక్కడికక్కడే ఒప్పించాడు.

పది రోజులు ఇసుకలో కూర్చోబెట్టి ముక్కల విలువలు నేర్పాడు. తుండు తలకు చుడితే ఎదుటివాడికి పెద్ద ముక్కలు పడినట్టు. భుజాన వేసుకుంటే ఓ మోస్తరు. నడుముకు బిగిస్తే ఏమీ లేనట్టు. చిన్నపోలయ్య పాఠమంతా తడుముకోకుండా అప్పజెప్పాడు.

పోటీ రోజున పెద్ద తాటాకు విసనకర్ర పట్టుకుని ఆటగాళ్ళ వెనక నిలబడ్డాడు. గాలి విసిరేవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? రమణయ్య ఒక్కొక్కణ్ణే ఇంటికి సాగనంపాడు. తుండు ఏం చెబితే అదే నిజమైంది. అది భుజానికీ నడుముకీ మధ్య తిరిగిందే గానీ, తలకెక్కాల్సిన పని ఒక్కసారీ రాలేదు.

చివరికి ఇద్దరే మిగిలారు. రెండోవాడు విడవలూరు రైతు పద్మనాభయ్య. అక్కడ డబ్బుకు బదులు గవ్వలు పెట్టి ఆడుతున్నారు. పద్మనాభయ్య ముక్కలు చూసుకుని, వక్క నములుతూ, తన ముందున్న గవ్వలన్నీ మధ్యలోకి తోసేశాడు.

రమణయ్య చేతిలో మూడు రాజులున్నాయి. మంచి ముక్కలే. కానీ అవతలివాడు అంత ధైర్యంగా తోశాడంటే ఏదో ఉండే ఉంటుంది. ఆదిశేషమ్మ బోసి మెడ కళ్ళ ముందు మెదిలింది. మెల్లగా తలెత్తి విసనకర్ర వైపు చూశాడు.

చిన్నపోలయ్య పద్మనాభయ్య భుజం మీదుగా తొంగి చూసి గుటక మింగాడు. తర్వాత దిగాలుగా మొహం పెట్టి, తుండు నడుముకు చుట్టాడు. రమణయ్య మళ్ళీ చూస్తే, ముడి ఇంకాస్త గట్టిగా బిగించాడు.

"మానుకుంటే మేలేమో రమణయ్యా" అన్నాడు పద్మనాభయ్య.

"ఉత్త చేతుల్తో బెదిరిస్తే బెదిరే రకం కాదులే నేను" అని రమణయ్య తన గవ్వలన్నీ తోసేశాడు.

పద్మనాభయ్య ముక్కలు పరిచాడు. నాలుగు ఆసులు.

బంగళా వెనక సరుగుడు తోటలో రమణయ్య ఆ తుండు పట్టుకునే చిన్నపోలయ్యను గుంజాడు. ఆ పద్మనాభయ్యకు ఎంతకు అమ్ముడుపోయావో చెప్పమన్నాడు. ఇంటికెళ్ళి పెళ్ళానికి ఏం చెప్పుకోవాలని ఏడ్చినంత పని చేశాడు.

చిన్నపోలయ్య మనసు చివుక్కుమంది.

"గంగమ్మ తోడన్నా, ఒక్క పైసా ముట్టలేదు" అన్నాడు కళ్ళొత్తుకుంటూ. "నాలుగు ఆసులంటే దోనె నిండా పడినట్టే గదా, అంత పడినప్పుడు పడిందని చూపిస్తే దిష్టి తగలదా, అందుకే గదన్నా మేం ఎప్పుడూ ఏం పడలేదనే చెప్పేది."