సాగినంత దారం

రబ్బరు దారం తీసే మూడో యంత్రాన్ని జైపాల్ అమ్మబోతున్నాడు. అది దారం తీయదన్న సంగతి అశోక్‌నగర్ మొత్తంలో అతనొక్కడికే తెలుసు.

కోచింగ్ సెంటర్ల మధ్య మొదటి అంతస్తులో ఒక గది కిరాయికి తీసుకుని, 'ఇంట్లోనే రబ్బరు దారం తయారీ. యంత్రం మాది, లాభం మీది' అని బోర్డు పెట్టాడు. ఎవరైనా వస్తే తెల్లటి రబ్బరు పాలు పైన గరాటులో పోసి చూపించేవాడు. ఆ పాలు సన్నటి గాజు గొట్టాల్లోంచి దిగి, యాసిడ్ కలిపిన నీళ్ల తొట్టిలో పడగానే గట్టిపడి దారాలవుతాయని చెప్పేవాడు. చెప్పింది నిజమే, పెద్ద ఫ్యాక్టరీల్లో జరిగేది అదే. కాకపోతే అతని యంత్రంలో గొట్టాల నోళ్లు మూసి ఉండేవి. పోసిన పాలు పోసినట్టే అడుగున దాచిన క్యాన్‌లోకి దిగిపోయేవి. తొట్టిలోంచి తడితడిగా, నిగనిగలాడుతూ పైకి వచ్చే దారం మాత్రం బేగంబజార్‌లో కొన్నది. దాన్ని రీలుకు చుట్టి తొట్టి కింద అమర్చేవాడు. ఆ రీలు కొన్నవాళ్లింట్లో కొన్నాళ్లు బాగానే పనిచేసేది. అది అయిపోయేలోగా జైపాల్ మకాం మార్చేసేవాడు.

నల్లకుంటలో ఒక మొగుడూపెళ్లాలకీ, గాంధీనగర్‌లో రిటైరైన ఒక గుమస్తాకీ చెరొకటి అంటగట్టాక, చిక్కడపల్లి నుంచి అరుంధతమ్మ వచ్చింది. ఆమెకు పిల్లల గౌన్లు, పెట్టీకోట్లు కుట్టించే చిన్న షాపుంది. ఎలాస్టిక్ బయట కొనలేక విసిగిపోయి, బోర్డు చూసి మెట్లెక్కింది.

దారం బయటికి రాగానే రెండు వేళ్లతో పట్టి సాగదీసింది. వదిలితే టప్పున వెనక్కి పోయింది. బాగుందని తలూపింది. ఆ తర్వాత యంత్రం వైపు చూడనే లేదు. ఏ ఊరు, ఇంటిపేరేంది, నాయన ఏం చేస్తడు, ఇక్కడ ఒక్కడివే ఉంటవా అని వరసపెట్టి అడిగింది. నవ్వుతూ అడిగింది కాబట్టి అతనూ నవ్వుతూనే చెప్పాడు. మహబూబ్‌నగర్ పక్కన ఊరి పేరుతో సహా అన్నీ నిజాలే దొర్లిపోయాయి. అబద్ధాలన్నీ యంత్రం గురించే సిద్ధం చేసి పెట్టుకున్నాడు మరి.

వెళ్లబోతూ యంత్రం పక్కన నిలబడమని ఫోన్‌లో ఫొటో తీసింది. జైపాల్ ఓరకంట చూశాడు. అందులో యంత్రం సగమే పడింది. అతను మాత్రం నిలువెత్తునా పడ్డాడు.

మర్నాడు కింద టీకొట్టు తిమ్మయ్య గ్లాసు చేతికిస్తూ గొంతు తగ్గించాడు.

"అన్నా, నీ గురించి ఒకాయన అడిగిపోయిండు. ఎప్పుడు పోతడు, ఎవరితోటి తిరుగుతడు, తాగుతడా అని. చూస్తే పోలీసాయన లెక్కున్నడు."

"నువ్వేం చెప్పినవ్?"

"మంచోడే అని చెప్పిన. ఇంకేమంట?"

జైపాల్ టీ సగంలోనే వదిలేసి మెట్లెక్కాడు. ఆ సాయంత్రమే అరుంధతమ్మ ఫోన్ చేసింది. తన తమ్ముడు ఇంద్రసేన ఒకసారి అతన్ని చూస్తానంటున్నాడనీ, గురువారం పొద్దున వస్తామనీ, ఎటూ పోవద్దనీ చెప్పింది. యంత్రం ఊసే ఎత్తలేదు.

గురువారం తెల్లారుతూనే జైపాల్ ఆటో మాట్లాడాడు. యంత్రాన్ని ఊడదీసి ముక్కముక్కగా కిందికి మోశాడు. నారాయణగూడ ఫ్లైఓవర్ దాటితే చాలు, ఆ తర్వాత తనెవరో ఎవరికీ తెలియదనుకున్నాడు. ఆ తొందరలో క్యాన్ ఒరిగి రబ్బరు పాలు చొక్కా మీద ఒలికాయి. తుడుచుకుంటే ఇంకా అంటుకుంటున్నాయి. వాటిని గోకుతూ ఉండగానే ఆటోకు అడ్డంగా ఒక కారు వచ్చి ఆగింది.

ముందు అరుంధతమ్మ దిగింది. వెనక డోర్‌లోంచి ఆమె తమ్ముడు దిగాడు. పొట్టి క్రాపు, ఒత్తు మీసం, మెరిసే ఎర్రబూట్లు. ఒంటి మీద ఖాకీ లేదు, అంతే తేడా.

ఆయన ఆటోనూ, చొక్కానూ మార్చిమార్చి చూశాడు. ఎటో బయల్దేరినట్టున్నావు, జర లోపల కూర్చుందామా అంటూ భుజం మీద చేయి వేశాడు. బరువైన చేయి. జైపాల్ మెట్లెక్కాడు.

గదిలో ఇంద్రసేన గోడలు చూశాడు, మూల చుట్టిపెట్టిన పరుపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"చూడు బాబూ, మేం తెలుసుకునేది తెలుసుకున్నం. ఇగ నీ నోటితోటి వినాలె. ఉన్నదున్నట్టు చెప్పు. తర్వాత బయటపడితే ఎవరికీ బాగుండదు."

తనంతట తాను చెబితే కొంతైనా కనికరిస్తారని జైపాల్ ఆశపడ్డాడు. మూసేసిన గొట్టాల నుంచి మొదలుపెట్టి మొత్తం కక్కేశాడు. నల్లకుంట వాళ్ల సంగతి, గాంధీనగర్ గుమస్తా సంగతి, అడ్రసులతో సహా చెప్పాడు. కిందికి పరిగెత్తి ఆటోలోంచి రీలు తెచ్చి ఆయన పాదాల దగ్గర పెట్టాడు. అది దొర్లుకుంటూ పోయి గుమ్మం దగ్గర ఆగింది.

"కొట్టకుండ్రి సార్. స్టేషన్‌కు నేనే నడిచొస్త."

అరుంధతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. ఇంద్రసేన మొహంలో రంగులు మారాయి.

"నేను పోలీసునని నీకెవరు చెప్పిండ్రు?"

"చూస్తేనే తెలుస్తది సార్."

ఇంద్రసేన కుర్చీలోంచి మెల్లగా లేచాడు.

"పోలీసునే. కాని ఇయ్యాల డ్యూటీ మీద రాలే. మా బిడ్డను నీకిద్దామని, సంబంధం మాట్లాడనీకి వచ్చిన."