పలకకు పసుపు

పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా మంట ఒక్కసారిగా సగానికి పడిపోయింది. పైడితల్లి గరిటె ఆపి వెనక గది వైపు చూసింది.

గాజువాకలో గ్యాసుబండలు కనబడక పదేళ్లయింది. ఇప్పుడు ఇంట్లో మనుషులు వదిలిన ఊపిరినే పొయ్యి లోపలి పలక వంటగ్యాసుగా మార్చేస్తుంది. చుట్టాలొస్తే మంట ఎగుస్తుంది. ఊపిరి తగ్గితే మంటా తగ్గుతుంది. అత్త నూకాలమ్మకు ఉబ్బసం ముదిరి వెనక గదిలో మంచం పట్టినప్పటి నుంచి, పైడితల్లి గరిటె తిప్పుతున్నంతసేపూ మంటకేసే చూస్తోంది.

"అత్తా!" అని కేకేసింది. పలుకు లేదు. గరిటె పడేసి పరుగెత్తింది.

నూకాలమ్మ మంచం మీద వగరుస్తూ కూర్చుని ఉంది. వేళ్లన్నీ పసుపు.

"ఏటే ఆ కేకలు?"

"మంట తగ్గిపోనాదత్తా. నీకేటో అయిపోనాదనుకున్నాను."

"శుక్రోరం కదే. ఇందాక నువ్వు పెరట్లోకెల్లినప్పుడు గోడట్టుకునొచ్చి పలక్కి పసుపు రాసి బొట్టెట్టాను."

పైడితల్లికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "దాన్ని ముట్టుకోవద్దని పొయ్యి బిగించినోలు మరీమరీ చెప్పినారు కదత్తా! పసుపు తగిల్తే పాడైపోతాదని నీకూ తెలుసు గదా!"

"తెలుసు," అంది నూకాలమ్మ. ఊపిరి అందేదాకా ఆగి, కోడలి చెయ్యి పట్టుకుంది. "నెల్లాళ్లుగా నన్ను చూడ్డం మానేసి ఆ మంటనే చూస్తన్నావు. బెంగతో నీకు ముద్ద దిగడం నేదు. ఇంక మంట తగ్గితే, పసుపు వల్లే అనుకో."